పిల్లల ఫోటోతో ఎవరైనా బెదిరిస్తుంటే: ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు, వరసగా

13 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలున్న అమ్మానాన్నల కోసం, ఆ పిల్లల అక్కలు, అన్నల కోసం, హాస్టల్ వార్డెన్ల కోసం, క్లాస్ టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే మీ ఇంట్లో సమస్య మొదలై ఉంటే పైనుంచి చదువుతూ కూర్చోకండి. నేరుగా "చెప్పిన తర్వాత మొదటి పది నిమిషాలు" దగ్గరికి వెళ్లండి. మిగతాది తీరిగ్గా చదవచ్చు.

ఇలాంటి నేరాల్లో బెదిరించేవాడి చేతిలో ఉండేది ఒక ఫోటో, లేదంటే ఒక వీడియో. వాడికి పని చేసిపెట్టేది మాత్రం పిల్లల భయం. "ఇంట్లో తెలిస్తే నా పని అయిపోయినట్టే" అని పిల్లలు నమ్మినంతకాలం వాడు అడిగిందల్లా ఇస్తూనే ఉంటారు. కింద చెప్పే పనులన్నీ ఆ భయాన్ని తగ్గించడానికే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు చెందిన అమాండా టాడ్ సంగతి చాలామంది విని ఉంటారు. ఏడో తరగతిలో ఉండగా వెబ్‌క్యామ్ చాట్‌లో ఎవరో పొగిడి, ఒళ్లు చూపించమని అడిగాడు. ఆ ఒక్క క్షణాన్ని వాడు ఫోటోగా దాచుకున్నాడు. దాదాపు ఏడాది తర్వాత ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టాడు, ఇంకా చూపించకపోతే ఆ ఫోటో అందరికీ పంపుతానని. అన్నట్టే పంపాడు. ఆమె స్కూల్ మారితే కొత్త స్కూల్ పిల్లల్ని ఫేస్‌బుక్‌లో పరిచయం చేసుకుని వాళ్లకీ పంపాడు. ఆ తర్వాత ఆమెను ఏడిపించింది వాడొక్కడే కాదు. పక్క బెంచీ పిల్లలు నవ్వారు, వెలేశారు, కొట్టారు. 2012 అక్టోబరు 10న, 15 ఏళ్ల వయసులో ఆమె ప్రాణం తీసుకుంది. వెంటాడినవాడు నెదర్లాండ్స్‌లో ఉన్నాడు. 22 దొంగ అకౌంట్లు వాడాడని ప్రాసిక్యూషన్ చెప్పింది. 2022లో కెనడా కోర్టు అతనికి 13 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

మోసం చేసినవాడు సముద్రం అవతల ఉన్నాడు. వేధింపును కొనసాగించినవాళ్లు అదే ఊళ్లో, అదే బడిలో ఉన్నారు. మన దగ్గర కూడా ఈ రెండూ కలిసే వస్తాయి. ఎవడో తెలియనివాడు ఫోటో బయటపెడతాడు, క్లాస్ వాట్సాప్ గ్రూప్ దాన్ని ఊరంతా తిప్పుతుంది. అందుకని బయటివాడిని ఆపడం ఎంత ముఖ్యమో, మనవాళ్ల నోళ్లు మూయించడం అంతే ముఖ్యం.

ముందే చెప్పి ఉంచాల్సిన మాట

ఏ సమస్యా లేనప్పుడే పిల్లలతో ఈ మాట అని ఉంచండి: "ఫోన్‌లో ఎవరైనా నిన్ను భయపెడితే, తప్పు నీదేనని నీకు అనిపించినా సరే, ముందు నాకు చెప్పు. తిట్టను, కొట్టను, ఫోన్ లాక్కోను. ఇద్దరం కలిసి చూసుకుందాం."

ఇందులో "ఫోన్ లాక్కోను" అన్నదే చాలామంది పెద్దలకు మింగుడుపడదు. అదే చాలా ముఖ్యం. ఈ వయసు పిల్లలకు ఫోన్ పోతే స్నేహితులు పోయినట్టు. బెదిరింపు సంగతి చెబితే ఫోన్ పోతుందని తెలిస్తే వాళ్లు బెదిరింపునే భరిస్తారు. ఇచ్చిన మాట తప్పితే రెండోసారి చెప్పరు.

దీన్ని ఎదురుగా కూర్చోబెట్టి క్లాస్ పీకినట్టు చెప్పకండి. బండి మీద ట్యూషన్‌కి తీసుకెళ్తూనో, అన్నం తింటూనో మామూలుగా అనేయండి. నాలుగు నెలలకోసారి మళ్లీ అనండి.

ఇంకొకటి. టీవీలో ఏదో అమ్మాయి ఫోటోలు లీకయ్యాయని వార్త వస్తుంది. "అసలు ఆ పిల్లకి బుద్ధుండాలి" అని మనం ఓ మాట అనేసి భోజనంలో పడిపోతాం. పక్కనే ఉన్న మన పిల్ల ఆ మాట మర్చిపోదు. రేపు తనకే అలాంటిది జరిగితే మనం ఏమంటామో ఆ రోజే తెలిసిపోయింది. ఆ వార్త వచ్చినప్పుడు "ఎంత దుర్మార్గుడు వాడు, పాపం ఆ పిల్ల ఎంత భయపడిందో" అంటే చాలు. అరగంట ఉపన్యాసం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

మనతో చెప్పలేనివి కూడా ఉంటాయి. "నాకు చెప్పలేకపోతే పిన్నికి చెప్పు, లేదా అక్కకి చెప్పు" అని ఒక పేరు ఇవ్వండి. ఆ పిన్నికీ ముందే చెప్పి ఉంచండి. హాస్టల్లో ఉండే పిల్లలకు 1098 నోటికి వచ్చి ఉండాలి. అది పిల్లల హెల్ప్‌లైన్, రాత్రీపగలూ పని చేస్తుంది, పిల్లలే నేరుగా ఫోన్ చేయవచ్చు.

వల ఎలా వేస్తారో పిల్లలకు చూపించండి

"అపరిచితులతో మాట్లాడకు" అని చెప్పి వదిలేస్తే ఉపయోగం లేదు. ఎందుకంటే వాడు అపరిచితుడిలా రాడు. సాధారణంగా సాగే వరస ఇలా ఉంటుంది.

"హాయ్, నువ్వు ఎంపీసీ సెకండియర్ కదా? నాది బైపీసీ. నిన్ను బస్‌లో చూశా." కాలేజీ పేరు బయోలో ఉంది, ఫేర్‌వెల్ ఫోటోలో బోర్డు కనిపిస్తోంది, ట్యాగ్ చేసినవాళ్లలో బైపీసీ పిల్లలున్నారు. వాడికి అది చాలు.

"మీ సార్ వీక్లీ టెస్ట్ మార్కులు అందరి ముందూ చదువుతాడా? నాకైతే ఏడుపొచ్చేస్తుంది." ఇక్కడ స్నేహం కుదురుతుంది. తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు, రోజూ గుడ్ మార్నింగ్‌లు, తిన్నావా అని అడగడాలు.

"ఇక్కడ వద్దు, టెలిగ్రామ్‌కి రా." "మన సంగతి ఎవరికీ చెప్పకు, వాళ్లు అర్థం చేసుకోరు." "నాది పంపాను కదా, నీది ఒక్కటి పంపు. చూసి డిలీట్ చేసేస్తా."

ఆ తర్వాత స్వరం మారుతుంది. పిల్లల ఫాలోయర్ల లిస్ట్ స్క్రీన్‌షాట్ వస్తుంది. "వీళ్లందరికీ పంపుతున్నా. మీ అమ్మ ఐడీ ఇదే కదా? ఇరవై నిమిషాలు టైమ్. ఐదు వేలు."

దీన్ని పిల్లలకు చదివి వినిపించండి. ఎక్కడ అనుమానం రావాలో వాళ్లనే అడగండి. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి రమ్మన్నప్పుడు, ఎవరికీ చెప్పొద్దన్నప్పుడు, తొందర పెట్టినప్పుడు. ఈ మూడూ పిల్లలే పట్టుకోగలరు. మనం చెప్పిన దానికంటే వాళ్లు పట్టుకున్నదే వాళ్లకు గుర్తుంటుంది.

అబ్బాయిల విషయంలో ఈ వరస చాలా తొందరగా నడుస్తుంది. రాత్రి పదకొండింటికి అమ్మాయి డీపీతో రిక్వెస్ట్ వస్తుంది, పన్నెండింటికల్లా వీడియో కాల్, కాల్ కట్ అయ్యేసరికి బెదిరింపు. 14 నుంచి 17 ఏళ్ల అబ్బాయిలే ఈ ముఠాలకు ఎక్కువగా చిక్కుతున్నారని అమెరికాలో ఎఫ్‌బీఐ పదేపదే హెచ్చరించింది. "మాకు మగపిల్లాడే కదా, భయం లేదు" అనుకునే ఇళ్లకు ఈ సంగతి తెలియాలి. మన దేశంలో దీనికి ఇంకో తోక ఉంది. ఒకరోజు ఆగి "ఢిల్లీ క్రైమ్ బ్రాంచ్ నుంచి మాట్లాడుతున్నాం, నీ వీడియో యూట్యూబ్‌లో ఉంది, తీయించాలంటే డబ్బు కట్టు" అని యూనిఫాం డీపీతో మరో ఫోన్ వస్తుంది. అదీ అదే ముఠా. కేసు లేకుండా చేస్తామని, వీడియో తీసేస్తామని ఫోన్‌లో డబ్బు అడిగే పోలీసు ఎవరూ ఉండరు.

ఏ ఫోటో పంపకపోయినా ప్రమాదం ఉంది. మామూలు డీపీని తీసుకుని మార్ఫింగ్ చేసే యాప్‌లు ఇప్పుడు క్లాస్‌మేట్ల ఫోన్లలోనే ఉంటున్నాయి. ఇంకో రకం: "నీ బ్యాంక్ అకౌంట్ వారం రోజులు వాడుకుంటాం, మూడు వేలిస్తాం" అని కాలేజీ పిల్లల్ని అడగడం. ఆ అకౌంట్లోకి వచ్చేది ఎవరినో మోసం చేసి తెచ్చిన సొమ్ము. పోలీసులు ముందు తలుపు తట్టేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే. పిల్లల పేరు మీద సిమ్ కానీ, అకౌంట్ కానీ ఎవరికీ ఇవ్వకూడదని గట్టిగా చెప్పండి.

ఎవరు ఎక్కువగా చిక్కుతారు? ఒంటరిగా ఉన్న పిల్లలు. హాస్టల్లో కొత్తగా చేరి రాత్రుళ్లు ఏడ్చేవాళ్లు. అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉండి వారానికోసారి వీడియో కాల్‌లో కనిపించే ఇళ్ల పిల్లలు. పరీక్ష తప్పినవాళ్లు. రంగు గురించో, లావు గురించో, నత్తి గురించో రోజూ మాటలు పడేవాళ్లు. తన ఇష్టాలు మిగతావాళ్లలా లేవని తెలిసి, ఇంట్లో ఆ మాట ఎత్తలేనివాళ్లు. వీళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఎవరూ అనని మంచి మాట వాడు అన్నాడు, అంతే. మన ఇంట్లో అలాంటి పిల్లలుంటే సెట్టింగ్‌ల కంటే ముందు రోజుకు పావుగంట మాటలు కావాలి.

గుర్తుపట్టడం

ఫోన్ మోగగానే ఉలిక్కిపడటం, మనం రాగానే స్క్రీన్ తిప్పేయడం, రాత్రి రెండింటికి మెలకువగా ఉండటం, ఉన్నట్టుండి డబ్బు అడగడం లేదా ఇంట్లో డబ్బు మాయమవడం, అకౌంట్ డిలీట్ చేసేయడం, కాలేజీకి వెళ్లనని కడుపునొప్పి వంక పెట్టడం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు ఒకేసారి కొత్తగా కనిపిస్తే మాత్రం ఆ రోజే అడగండి. "ఏంటి సంగతి, ఎవరితో చాటింగ్?" అని కాదు. "నాన్నా, నాలుగు రోజుల నుంచి నువ్వు సరిగ్గా తినట్లేదు. ఫోన్‌లో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా?" అని అడిగి ఆగండి. వెంటనే జవాబు రాదు. మర్నాడు రావచ్చు.

చెప్పిన తర్వాత మొదటి పది నిమిషాలు

మీ మొదటి మాట ఇది కావాలి: "చెప్పి మంచి పని చేశావు. ఇక ఇది నీ ఒక్కదాని సమస్య కాదు." అబ్బాయైతే "నీ ఒక్కడి". ఆ తర్వాత రెండు నిమిషాలు ఏమీ అడగకండి. ఏడవనివ్వండి.

"అసలు ఎందుకు పంపావు?" అన్న ప్రశ్న నాలుక చివర ఉంటుంది. ఆ రోజు అడగకండి, ఆ వారం కూడా వద్దు. దానికి పిల్లల దగ్గర జవాబు ఉండదు, సిగ్గు మాత్రమే ఉంటుంది. బెదిరించేవాడు కోరుకునేది కూడా అదే. "పరువు" అన్న మాట కూడా ఆ గదిలోకి రానివ్వకండి. నాన్నకు కోపం ఎక్కువైతే ముందు అమ్మే మాట్లాడి, ఆయన్ని పక్కకు తీసుకెళ్లి చెప్పి, నిదానించాకే లోపలికి తీసుకురావాలి.

తర్వాత ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి, సూటిగా: "చచ్చిపోవాలని గానీ, నీకు నువ్వు ఏమైనా చేసుకోవాలని గానీ అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడతారు. అది నిజం కాదు. అడిగితే పిల్లలు బయటపడతారు. అవునన్నా, తల దించుకుని ఊరుకున్నా, ఆ రాత్రి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. పక్కనే పడుకోండి. హాని చేసుకోవడానికి పనికొచ్చే వస్తువులు, మందులు అందకుండా తీసేయండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక సాయం హెల్ప్‌లైన్, టెలీ మానస్. రోజంతా పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ఇప్పుడే ముప్పు అనిపిస్తే 112కి చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిర్యాదు, ఫోటో, కాలేజీ, అన్నీ దీని తర్వాతే.

డబ్బు ఇవ్వొద్దు, బతిమాలొద్దు, డిలీట్ చేయొద్దు

ఒకసారి ఇస్తే ఆపుతాడని అనుకుంటాం. ఇచ్చినవాళ్ల దగ్గరికే మళ్లీ వస్తారు, ఈసారి రెట్టింపు అడుగుతారు. ఇంకో ఫోటో పంపడం అంటే వాడి చేతికి ఇంకో ఆయుధం ఇవ్వడమే. "ప్లీజ్ అన్నా, మా నాన్నకి హార్ట్ ప్రాబ్లమ్" అని వేడుకుంటే ఎక్కడ నొక్కాలో చూపించినట్టే. మనమే వాడితో మాట్లాడి బెదిరిద్దామని కూడా చూడకండి. జవాబులు ఆపేయడమే మేలు.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ నంబర్, వాడి యూపీఐ ఐడీ, పంపిన టైమ్, మొత్తం దగ్గర పెట్టుకుని చేయండి. సొమ్ము ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి నిమిషాల్లో వెళ్లిపోతుంది. తొందరగా చెబితే బ్యాంకులు దాన్ని మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. రేపు పొద్దున చేద్దామని ఆగకండి.

భయంలో పిల్లలు చేసే మొదటి పని చాట్ మొత్తం డిలీట్ చేసి అకౌంట్ తీసేయడం. దాంతో వాడు పోడు, మన సాక్ష్యం పోతుంది.

సాక్ష్యం దాచడం

బ్లాక్ చేసే ముందే ఇవి తీసుకోండి:

- బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, తేదీ, సమయం కనిపించేలా, పై నుంచి కింది దాకా వరసగా
- వాడి ప్రొఫైల్ లింక్. పేరు మార్చుకున్నా దొరికేలా యూజర్‌నేమ్ ఒక్కటే కాక లింక్ కూడా కాపీ చేయండి
- ఇన్‌స్టాగ్రామ్‌లో "అబౌట్ దిస్ అకౌంట్" తెరిస్తే చాలా ప్రొఫైళ్లకు అది ఎప్పుడు పుట్టిందో, ఏ దేశం నుంచో కనిపిస్తుంది. ఆ పేజీ
- ఫోన్ నంబర్లు, యూపీఐ ఐడీ, క్యూఆర్ కోడ్, బ్యాంక్ మెసేజ్‌లు
- వాట్సాప్ అయితే చాట్ ఎక్స్‌పోర్ట్

స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది. అక్కడ ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ని ఫోటో తీయండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ముందు వాటిని పట్టుకోండి.

ఒక జాగ్రత్త చాలా అవసరం. పిల్లల నగ్న ఫోటోను మీ ఫోన్‌లోకి పంపుకోకండి, సలహా కోసం బాబాయికి ఫార్వర్డ్ చేయకండి, ఫ్యామిలీ గ్రూప్‌లో అసలే పెట్టకండి. 18 ఏళ్ల లోపువాళ్ల అలాంటి చిత్రాలను పంచడం, దాచుకోవడం నేరాలు. ఈ చట్టాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఫోటో పిల్లల ఫోన్‌లో ఉన్నచోటే ఉండనివ్వండి. పోలీసులకు ఆ ఫోన్ చూపించండి. మీరు తీసే స్క్రీన్‌షాట్లలో మాటలు ఉంటే చాలు.

ఇదంతా అయ్యాక రిపోర్ట్ చేసి, బ్లాక్ చేసి, అన్ని అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మార్చండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఫాలోయర్ల లిస్ట్ ఇతరులకు కనిపించకుండా అకౌంట్ ప్రైవేట్ చేయండి.

ఫోటోను ఆపడం, తీయించడం

ఫోటో తీసినప్పుడు వయసు 18 లోపు అయితే "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పని చేసే జాతీయ కేంద్రం దీన్ని నడుపుతుంది. ఏ దేశం నుంచైనా వాడవచ్చు, పేరు చెప్పాల్సిన పని లేదు. ఫోటో ఉన్న ఫోన్‌లోనే ఆ సైట్ తెరిచి ఫోటోను ఎంచుకుంటే, దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది. ఫోటో ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, కోడ్ ఒక్కటే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోయే ఫోటో తమ దగ్గర కనిపిస్తే తీసేస్తాయి. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్షన్ ఉన్న (కంపెనీ కూడా చదవలేని) ప్రైవేట్ చాట్‌లలో ఇది పని చేయదని గుర్తుంచుకోండి. 18 దాటిన వయసులో తీసిన ఫోటోలకు ఇలాగే "స్టాప్ ఎన్‌సీఐఐ" ఉంది.

ఆయా యాప్‌లలోని రిపోర్ట్ బటన్ కూడా వాడండి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చిత్రాలు, వేరేవాళ్ల పేరుతో పెట్టిన దొంగ ఐడీల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు. ఫిర్యాదులో "ఇందులో ఉన్నది మైనర్" అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. అది కంపెనీలు ఊరికే పక్కన పెట్టలేని మాట. గూగుల్ సెర్చ్‌లో 18 ఏళ్ల లోపు పిల్లల ఫోటోలు కనిపిస్తుంటే తీసేయమని పిల్లలు గానీ తల్లిదండ్రులు గానీ విడిగా కోరవచ్చు.

"మొత్తం డిలీట్ చేయిస్తాం, పది వేలు" అని ఇన్‌స్టాలో ప్రకటనలిచ్చే హ్యాకర్ల దగ్గరికి వెళ్లకండి. ఒక మోసం నుంచి ఇంకో మోసంలోకి వెళ్లడమే అవుతుంది.

ఫిర్యాదు

ప్రభుత్వ వెబ్‌సైట్ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన నేరాలకు విడిగా విభాగం ఉంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారి ఉంది కానీ కేసు ముందుకు కదలాలంటే పేరు, ఫోన్ నంబర్ ఇచ్చి చేయడమే మేలు. వచ్చిన ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబర్‌ను రెండుచోట్ల రాసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో పెట్టి ఊరుకోకుండా పోలీస్ స్టేషన్‌కీ వెళ్లండి. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది.

హైదరాబాద్‌లో 2014లో మహిళల భద్రత కోసం మొదలైన పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఇప్పుడు తెలంగాణ అంతటా ఉన్నాయి. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లలకు కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సాయం ఒకేచోట అందించే భరోసా కేంద్రాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల భద్రతకు పోలీసులు పెట్టిన శక్తి యాప్ వాడవచ్చు, శక్తి బృందాల దగ్గరికి వెళ్లవచ్చు.

స్టేషన్ అంటే అమ్మానాన్నలకు ఉండే భయం న్యాయమైనదే. అందుకే 2012 నాటి పోక్సో చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని వెళ్లండి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకేలా వర్తిస్తుంది. పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, బడి, చిరునామా మీడియాలో రాకూడదు. "ఇష్టపడే పంపింది కదా" అని ఎవరైనా అంటే, 18 ఏళ్ల లోపు పిల్లల ఇష్టాన్ని ఈ చట్టం సాకుగా ఒప్పుకోదని చెప్పండి. ఫోటో నిజమైనదైనా, మార్ఫింగ్ చేసినదైనా దాన్ని బయటపెడతానని బెదిరించడం సెక్షన్ 11 కిందికి వస్తుంది, శిక్ష మూడేళ్ల వరకు. ఐటీ చట్టంలోని 67బి కింద పిల్లల అసభ్య చిత్రాలను పంచినవాళ్లకు మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా.

టీచర్లకు, వార్డెన్లకు ఒక మాట. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసాక పోలీసులకు చెప్పడం మీ ఇష్టాయిష్టాలతో పని లేని బాధ్యత. పోక్సో సెక్షన్ 19 అదే చెబుతుంది. "కాలేజీ పేరు పాడవుతుంది" అని దాచిపెడితే అదే నేరం.

బడిలో, కాలేజీలో నోళ్లు మూయించడం

ఫోటో ఇప్పటికే క్లాస్‌లో తిరుగుతుంటే ఇంట్లో ఎంత ధైర్యం చెప్పినా చాలదు. ప్రిన్సిపాల్‌కు నోటి మాటగా కాక రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మూడే అడగండి: గ్రూపుల్లోంచి ఈరోజే డిలీట్ చేయించాలి, పంచినవాళ్ల తల్లిదండ్రులను పిలవాలి, మా పిల్ల క్లాస్ మారాల్సిన పని లేదు. చాలాచోట్ల బాధపడిన పిల్లనే "కొన్నాళ్లు ఇంట్లో ఉంచండి" అంటారు. ఒప్పుకోకండి. సెలవు తనకు కావాలంటే తీసుకుంటుంది, అది తన నిర్ణయం. అసెంబ్లీలో అందరి ముందూ ఈ విషయం మాట్లాడొద్దని కూడా చెప్పండి. పేరెత్తకపోయినా అందరికీ ఎవరో తెలిసిపోతుంది.

కాలేజీ పేరుతో నడిచే కన్ఫెషన్ పేజీలు, మీమ్ పేజీలు ఎవరివో తెలియవని యాజమాన్యం తప్పించుకుంటుంది. పేజీ లింక్, పోస్ట్ లింక్ ఫిర్యాదులో ఇవ్వండి. నడిపేవాడు ఎవరో పోలీసులు కనుక్కోగలరు.

ఆ ఫార్వర్డ్ చేసింది మీ పిల్లాడే అని ఫోన్ వస్తే? "మావాడు అలాంటివాడు కాదు" అనేది మొదటి మాట కాకూడదు. ఫోన్ తెరిపించి చూడండి. 67బి పంచినవాళ్లందరికీ వర్తిస్తుందని వాడికి చదివి చెప్పండి. అవతలి అమ్మాయి ఇప్పుడు ఎలా ఉందో వాడితో మాట్లాడండి. వాడు ఎవరెవరికి పంపాడో వాళ్లందరి చేతా డిలీట్ చేయించడంలో వాడినే ముందు నిలబెట్టండి. ఆ కుటుంబం కేసు పెడితే అడ్డు పడకండి.

సెట్టింగ్‌లు, తక్కువలో

ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లు 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ వచ్చాయి. వయసు సరిగ్గా ఇస్తే అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్ల మెసేజ్‌లు రావు, 16 లోపువాళ్లు పెద్దల అనుమతి లేకుండా వీటిని సడలించలేరు. పిల్లలు పుట్టిన సంవత్సరం తప్పుగా ఇస్తే ఇవేవీ వర్తించవు, అది ముందు చూడండి. వాట్సాప్‌లో గ్రూప్‌లో చేర్చే హక్కు, డీపీ చూసే హక్కు తెలిసినవాళ్లకే ఇవ్వండి. స్నాప్‌చాట్‌లోని స్నాప్ మ్యాప్‌లో, పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ కనిపించకుండా, గోస్ట్ మోడ్ పెట్టండి. పిల్లలకు తెలియకుండా నిఘా యాప్‌లు పెట్టొద్దనే నేనంటాను. బయటపడిన రోజు మీతో మాటలు ఆగిపోతాయి, ఆ తర్వాత ఏం జరిగినా మీకు తెలియదు.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు అక్కడి నంబర్లు పెట్టుకోవాలి. అమెరికాలో ఫిర్యాదుకు సైబర్‌టిప్‌లైన్ 1-800-843-5678, మానసిక సాయానికి 988. బ్రిటన్‌లో చైల్డ్‌లైన్ 0800 1111. ఆస్ట్రేలియాలో ఈసేఫ్టీ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు, అక్కడ 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకు సోషల్ మీడియా అకౌంట్ల మీదే నిషేధం ఉంది. ఇండియాలో తాతయ్యకు తెలిస్తే ఏమవుతుందో అన్న భయంతో పిల్లలు అక్కడ కూడా నోరు విప్పరు.

తర్వాతి నెలలు

గొడవ సద్దుమణిగాక ఇంట్లోవాళ్లు మామూలైపోతారు. పిల్లలు కాలేరు. ఫోన్ శబ్దానికి గుండె దడ, నిద్రలో కలవరింత, అద్దంలో చూసుకోకపోవడం నెలల తరబడి ఉండవచ్చు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. వాయిదా వేయకండి. పండక్కి చుట్టాలు వచ్చినప్పుడు ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే పిల్లలు జవాబు చెప్పాల్సిన అవసరం లేకుండా మీరే అడ్డుకోండి. కోపం వచ్చినప్పుడు పాత సంగతి తవ్వడం మీరు కూడా చేయకూడదు.

కొన్నిసార్లు ఏడాది తర్వాత అదే ఫోటో కొత్త ఐడీతో మళ్లీ వస్తుంది. పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచండి, వస్తే అంతా మళ్లీ మొదలైనట్టు కుప్పకూలకుండా. అప్పుడు చేయాల్సినవి ఇవే: కొత్త ప్రొఫైల్ లింక్ తీసుకోవడం, యాప్‌లో మైనర్ అని రాసి రిపోర్ట్ చేయడం, పాత ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, ఎఫ్‌ఐఆర్ నంబర్ రాసి అదే స్టేషన్‌లో అదనపు ఫిర్యాదు ఇవ్వడం. ఆ కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.